వంతెన మీద మూడు డిగ్రీలు

ఇంటి నుంచి,
ఏప్రిల్ 26

చిన్నోడికి,

అక్క రాసేది. ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇంకా ఏమైనా కావడానికి ఈ ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే, నేను బాగానే ఉన్నాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది, నా ఏడుపు వినగానే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ లైను కోసేస్తావు. పదిహేను నెలలుగా ఇదే వరస. కాగితం మీదైతే కనీసం వాక్యం పూర్తవుతుంది.

విషయం కారుది. మీ బావ పోయాక గ్యారేజీలో బట్ట కప్పి పెట్టేసిన కారును ఈ నెల మొదట్లో బయటికి తీశాను. నేను పనిచేసే కోల్డ్ స్టోరేజీ వైపు వెళ్లే బస్సు ఆపేశారు, ఇక వేరే దారి లేదు. వంతెన గోడకు కొట్టుకున్న వైపు తలుపులు రెండూ ఇన్సూరెన్స్ వాళ్లు అప్పుడే మార్చేశారు కాబట్టి చూడ్డానికి ఏమీ కానట్టే ఉంది. ఆ మాటకొస్తే ఆ రోజు కారుకు పెద్దగా ఏమీ కాలేదు. అయిందంతా మనిషికే.

మొదటి వారం వంతెన తప్పించి చుట్టూ తిరిగి వెళ్లాను. తర్వాత నా మీద నాకే చిరాకేసి వంతెన ఎక్కాను. సరిగ్గా సగం దాటానో లేదో, టింగ్‌మని గంట. స్పీడు మీటరు పక్కన చిన్న తెర ఉంటుంది చూడు, బయట ఎంత వేడిగా ఉందో చెప్పేది, దాని మీద 3 డిగ్రీలు, పక్కన మంచు గుర్తు. బయట ఎండ మాడ్చేస్తోంది. నా జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. కారేమో రోడ్డు మీద మంచు ఉండొచ్చు, నెమ్మదిగా వెళ్లమంటోంది.

మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజూ అంతే. ఇంకెక్కడా మోగదు, ఆ వంతెన మీదే మోగుతుంది. మీ బావ జారిన చోటే.

నాకు పిచ్చి పట్టిందనుకోకు. కానీ డ్రైవింగ్ నేర్పే మనిషి కదా ఆయన, పక్క సీట్లో కూర్చుని "మెల్లగా, మెల్లగా" అనడమే ఆయన ఉద్యోగం. ఆ రోజు మెషిన్ రూము తాళంచెవి ఇంట్లో మర్చిపోయి, ఫోన్ చేసి "త్వరగా తెచ్చిపెట్టండి" అన్నది నేను. ఆయన జన్మలో ఎవరి చేతా త్వరగా నడిపించలేదు. నేనే నడిపించాను. అందుకే రోజూ నాకు గుర్తు చేస్తున్నారేమో.

నువ్వు బండ్ల కరెంటు పని చేసేవాడివి. ఇదేమిటో చెప్పు.

అక్క

*

రోడ్డు పనుల షెడ్డు నుంచి,
మే 4

అక్కకి,

నీ ఉత్తరం మా షెడ్డుకు వచ్చేసరికి రోలరు నూనె చేతులు నాలుగు దాటింది, మరకలు నా తప్పు కాదు. బావ దెయ్యమై వచ్చే మాటైతే ముందు నా దగ్గరికే వచ్చేవాడు, క్లచ్చు మీద కాలు ఆనించి నడుపుతానని ఎన్నిసార్లు తిట్టాడో. నువ్వు భయపడకు.

కారు ముందు బంపర్ వెనకాల, గాలి తగిలేచోట, చిటికెన వేలంత సెన్సరు ఉంటుంది. చల్లబడే కొద్దీ దాంట్లో కరెంటుకు అడ్డు పెరుగుతుంది, వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. ఆ అడ్డును కొలిచి కారు డిగ్రీల్లోకి మార్చి చూపిస్తుంది. తీగ అతుకులో తుప్పు పట్టినా, వదులైనా, ఆ అడ్డు కూడా కలిసి పెరుగుతుంది. కారుకు తెలిసింది ఒకటే, అడ్డు పెరిగిందంటే చలి పెరిగినట్టు. వంతెన మీద ఇనప అతుకులుంటాయి కదా, వాటి మీద చక్రాలు దడదడమన్నప్పుడు తీగ కదులుతోంది. అంతే.

ఇంకో సంగతి. కారు చల్లదనాన్ని వెంటనే నమ్ముతుంది, వెచ్చదనాన్ని నమ్మదు. ఆగి ఉన్నప్పుడు ఇంజను వేడికి మోసపోకుండా అలా చేస్తారు. బండి కాస్త దూరం పరిగెత్తాకే అంకె పెంచుతుంది. అందుకే వంతెన దిగాక కూడా కాసేపు 3 అనే ఉంటుంది.

ఇందులో ప్రమాదమేమీ లేదు. తెర మీద చిన్న కాగితం ముక్క అంటించెయ్. ఒక్క మాట మాత్రం విను, అక్కడి మెకానిక్కుల చేత బంపర్ విప్పించకు. వాళ్లకు ఆ క్లిప్పుల సంగతి తెలీదు, విరగ్గొడతారు. నేనే వచ్చి చూస్తాను. ఈ నెలలో సెలవు దొరకొచ్చు.

తాళంచెవి గురించి మళ్లీ మళ్లీ ఆలోచించకు.

చిన్నోడు

*

కోల్డ్ స్టోరేజీ, ఆఫీసు గది నుంచి,
మే 19

చిన్నోడికి,

ఈ నెల సెలవు దొరకొచ్చు అన్నావు. ఇప్పటికి నాలుగుసార్లు దొరకొచ్చాయి నీ సెలవులు. సరే, వచ్చినప్పుడే రా, గుమ్మం ఎక్కడికీ పోదు.

నువ్వు చెప్పింది అర్థమైంది. నేనూ ఇరవై ఏళ్లుగా థర్మామీటర్లతోనే బతుకుతున్నదాన్ని. ఇక్కడి నుంచి ఒక గాజు థర్మామీటరు తీసుకెళ్లి కారు అద్దానికి కట్టాను. అది 34 అన్నప్పుడు తెర 31 అంది. వంతెన మీద మూడో అతుకు దాటగానే తెర 3 అంది, గాజుది 34 దగ్గరే ఉంది. కాబట్టి నీ మాటే నిజం, తుప్పే. చల్లదనాన్ని వెంటనే నమ్మి వెచ్చదనాన్ని నమ్మకపోవడమన్నది మాత్రం నాకు నచ్చింది. ఈ పదహారు నెలల్లో నా పరిస్థితి అదే.

తుప్పని తెలిశాక భయం పోవాలి కదా. పోలేదు. పైగా ఒక సంగతి చెబుతాను, ఎవరితోనూ అనకు. నాకిప్పుడు ఆ గంట కావాలి. వంతెన దగ్గర పడుతుంటే రేడియో కట్టేస్తాను. గంట మోగగానే "సరేనండీ" అంటాను, పైకే అంటాను. ఇరవైకి తగ్గిస్తాను. వెనకాల లారీ వాళ్లు హారన్ కొట్టి చంపేస్తారు. నిన్న ఒకడు కిటికీలోంచి తల బయటపెట్టి "ఏమ్మా, కారు తోసుకుంటూ వెళ్తున్నావా?" అన్నాడు. నవ్వొచ్చింది. పక్క సీటు వైపు తిరిగి "విన్నారా?" అన్నాను.

ఆయన నోట్‌బుక్కు డాష్‌బోర్డు అరలోనే ఉంది. ఇన్నాళ్లూ ముట్టుకోలేదు, నిన్న తీశాను. నీకు తెలుసుగా ఆయన అలవాటు, పొద్దున్నే మొదటి పాఠానికి వెళ్తూ బంకు దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు తేదీ, కిలోమీటర్లు, బయటి డిగ్రీలు రాసేవారు. అంకె మూడుకు దిగితే ఆ పక్కన "వంతెన 20" అని రాసి కింద గీత గీసేవారు. నేర్చుకునేవాళ్లందరికీ చెప్పే మొదటి పాఠం అదే, నేల కన్నా ముందు వంతెన గడ్డకడుతుంది, మూడంటే ఇరవై దాటకూడదని.

చివరి పేజీలో జనవరి 18. కిలోమీటర్లు, ఆ పక్కన 7. వంతెన మాట లేదు. ఆయన స్పీడు మాత్రం యాభై అని పోలీసులు తేల్చారు.

ఏడు డిగ్రీల్లో నీళ్లు గడ్డకడతాయా చిన్నోడా? ఆ రోజు ఆ వంతెన గాజులా ఉందని అంబులెన్సు వాళ్లే అన్నారు.

అక్క

*

షెడ్డు నుంచి,
జూన్ 2

అక్కకి,

అది ఏడేనా? ఒకటేమో చూడు. సిగ్నల్లో తొడ మీద పెట్టుకుని గబగబా రాసిన అంకెలు.

ఎలాగైనా ఆ నోట్‌బుక్కు లోపల పెట్టెయ్. అవి చదివి ఏం లాభం. కారు కూడా వద్దక్కా, అమ్మెయ్. ఎంతకిస్తే అంతకు ఇచ్చెయ్. ఇక్కడి స్టోర్‌కీపరుకు పాత కార్లు కొనేవాళ్లు తెలుసు, బండి మీద ఎక్కించుకుపోతారు, నువ్వు దేనికీ కదలక్కర్లేదు. కోల్డ్ స్టోరేజీకి దగ్గర్లో చిన్న గది అద్దెకు చూసుకో, నడిచి వెళ్లొచ్చు.

నాకు ఇక్కడ ఒంట్లో బాగుండట్లేదు. నిద్ర పట్టట్లేదు. షెడ్డులోకి ఏ బండి వచ్చినా ముందు దాని తెరే చూస్తున్నాను. నిన్న జీపులో, మొన్న ఇంజనీరు గారి కారులో, రెండింట్లోనూ 7. ఎండలో నిలబెట్టిన బండ్లక్కా. పక్కవాణ్ణి పిలిచి చూడమంటే "ముప్ఫై ఆరు కదన్నా" అన్నాడు. మళ్లీ చూస్తే ముప్ఫై ఆరే ఉంది.

ఎండ దెబ్బ అయ్యుంటుంది. కారు అమ్మెయ్.

చిన్నోడు

*

ఇంటి నుంచి,
జూన్ 15

చిన్నోడికి,

అది ఏడే. ఆయన ఏడుకు నడుం మీద అడ్డగీత పెడతారు, ఒకటికి పెట్టరు. నీ పెళ్లి సంబంధాల కోసం ఆయనే రాసిచ్చిన వివరాల కాగితంలో నీ వయసు దగ్గర కూడా అలాగే ఉంది, ఇరవై ఏడు. ఆ సంబంధాలన్నీ నువ్వు చెడగొట్టుకున్నావు, అది వేరే సంగతి.

కారు అమ్మను. బదులుగా వేరే పని చేశాను. మా కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర పాత పద్ధతి థర్మామీటరు ఉంది. పొద్దున ఏడింటికి దాన్ని చూసి రిజిస్టర్లో రాయడం నా మొదటి పని. ఆయన సిగ్నల్ దగ్గర ఆగేదీ ఆ వేళకే. రెండు కిలోమీటర్ల తేడా, ఒకే ఊరి గాలి. గిడ్డంగిలో నుంచి ఆ శీతాకాలం రిజిస్టరు తెప్పించుకుని, ఆయన నోట్‌బుక్కు పక్కన పెట్టి ఒక్కో రోజూ పోల్చాను. నాలుగు సాయంత్రాలు పట్టింది.

సెప్టెంబరు అంతా, అక్టోబరు అంతా రెండు అంకెలూ ఒకటే, మహా అయితే ఒక డిగ్రీ అటూఇటూ. నవంబరు 8న ఆయనది 9, నాది 9. నవంబరు 10న ఆయనది 14, నాది 8. అక్కడి నుంచి చివరిదాకా ప్రతిరోజూ ఆయనది నాకన్నా ఆరు ఎక్కువ. ఐదో, ఆరో. డిసెంబరులో మూడుకు దిగాల్సిన పొద్దులు పదకొండు ఉన్నాయి. ఆయన నోట్‌బుక్కులో ఒక్కటీ లేదు. ఒకచోట ఆయనే రాసుకున్నారు, "ఈ ఏడు చలి తక్కువ" అని.

జనవరి 18న నా రిజిస్టర్లో 1.

నేను ఆ అంకె నా చేత్తో రాసి, ఆ తర్వాత ఐదు నిమిషాలకు ఫోన్ చేసి తాళంచెవి తెమ్మన్నాను. ఇంట్లో గ్యారేజీ వెచ్చగా ఉంటుంది, కారులోనే బయటికి వచ్చిన మనిషికి చలి ఎంతో తెలీదు. ఆయన తెర చూసుకున్నారు. తెర ఏడు చెప్పింది. ఏడు కాబట్టి యాభైలో వెళ్లారు.

ఇప్పుడు నువ్వు చెప్పు. నవంబరు 9. ఆయన దగ్గర డ్రైవింగ్ నేర్చుకునే బ్యాంకు గుమాస్తా కారు వెనక్కి తీయబోయి ముందుకు తీసి మన గేటు స్తంభానికి ముద్దు పెట్టిన మర్నాడు. నువ్వు మన ఇంట్లో ఉన్నావు. బంపర్ విప్పింది, బిగించింది నువ్వు.

నాన్న నేర్పిన చీటీల అలవాటు నువ్వు ఏ బండి దగ్గరా మానలేదు. ఏం చూశాను, ఏం చేశాను, ఏం వదిలేశాను, మూడు వరుసలు. నువ్వు ఈ కారుకు చేసిన పనులన్నిటి చీటీలూ అరలో ఉన్నాయి, వైపరు బ్లేడు మార్చిన చీటీతో సహా. నవంబరు 9 చీటీ లేదు. అర మొత్తం బోర్లించి వెతికాను.

నేను బంపర్ విప్పలేదు. కింద పడుకుని, చిన్న అద్దం, టార్చి పెట్టి చూశాను. సెన్సరు ముందువైపు లేదు. లోపల, రేడియేటరు వేడినీళ్ల గొట్టానికి ఆనుకుని ప్లాస్టిక్ పట్టీతో కట్టేసి ఉంది. తీగ అతుకు మీద నల్ల టేపు, టేపు కొస మడిచి చిన్న తోక వదిలి ఉంది. తర్వాత విప్పేవాడికి గోరు దొరకాలని నాన్న అలా వదిలేవారు. ఆయన తర్వాత అలా వదిలేది ఈ లోకంలో ఒక్కడే.

ఆ చీటీ నాకు కావాలి. రాసి పంపు.

అక్క

*

షెడ్డు నుంచి,
జూన్ 24

అక్కకి,

చూసింది: గేటు దెబ్బకు బంపర్ లోపల సెన్సరు క్లిప్పు విరిగింది. తీగ నలిగి తెగింది.

చేసింది: తెగిన తీగ మెలిపెట్టి టేపు చుట్టాను. తీగ పొట్టిదైపోయి ముందుదాకా అందలేదు. అందినచోట కట్టేశాను.

వదిలేసింది: అందినచోటు వేడి గొట్టం పక్కనని తెలుసు. తెర ఎక్కువ చూపిస్తుందని తెలుసు. బావకు చెప్పలేదు.

చీటీ ఇంతే. అప్పుడు గొట్టం వేడికి తెర ఎక్కువ చూపింది, కారు నిలబెట్టిన ఏడాదిలో ఆ అతుకు తుప్పు పట్టి ఇప్పుడు తక్కువ చూపిస్తోంది. మిగతాది కూడా రాస్తాను.

ఆ సాయంత్రం నాకు బస్సుంది. చేతుల్లో ఆ క్లిప్పు ముక్కలున్నాయి. కొత్త క్లిప్పు, మూర తీగ వచ్చేసారి తెద్దాం, మహా అయితే నెల, తెర మీద నాలుగు డిగ్రీలు అటూఇటూ అయితే కొంపలేం మునుగుతాయి అనుకున్నాను. బావ వచ్చి "అయిపోయిందా?" అన్నాడు. "కొత్తదానిలా ఉంది బావా" అన్నాను. చీటీ రాద్దామని కూర్చుంటే మూడో వరుస దగ్గర చెయ్యి ఆగింది. బావ దాన్ని చదివితే "ఇదేంట్రా, సగం పని" అంటాడు. ఆయన ముందు చులకన కావడం ఇష్టం లేక చీటీ చింపేసి జేబులో పెట్టుకున్నాను.

బస్టాండుకు బావే దింపాడు. దార్లో తెర చూసి "పొద్దుటి మీద కాస్త వెచ్చబడిందే" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పి ఉంటే, "అది తప్పు చూపిస్తుంది బావా, నమ్మకు" అని ఉంటే సరిపోయేది. రోజుకు ఎన్నిసార్లు ఆ మాట అంటున్నానో లెక్క లేదు. ఒంటరిగా బండి కింద దూరినప్పుడల్లా పైకే అంటున్నాను.

ఆయన పోయిన రోజు వరండాలో నా చెయ్యి పట్టుకుని "నేనే చంపేశాన్రా, త్వరగా అన్నాను" అన్నావు. అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను. "ఊరుకో అక్కా" అని మాత్రమే వచ్చింది. ఆ తర్వాత నీ ఎదుటికి రాలేక ఇంత దూరం ఉద్యోగం వెతుక్కున్నాను. తెరకూ ఆ ప్రమాదానికీ సంబంధం లేదేమో అని ఒక ఆశ పెట్టుకుని బతికాను. నువ్వు ఏడు అని రాసిన రోజు అది కూడా పోయింది.

నిన్ను ఏమీ అడగను.

చిన్నోడు

*

ఇంటి నుంచి,
ఆగస్టు 30

నీ ఉత్తరం అందింది. రెండు నెలలు జవాబు రాయలేదు. రాసిన నాలుగూ చింపేశాను.

క్లిప్పు విరగడం తప్పు కాదు. బస్సుకు తొందరపడటం కూడా, ఏం చెప్పను, మనుషులు చేసే పనే. నేనూ ఆ రోజు తొందరపడ్డాను. కానీ పదిహేడు నెలలు నువ్వు నన్ను చూశావు. నేను ప్రతి ఫోన్లో తాళంచెవి, తాళంచెవి అని ఏడుస్తుంటే విన్నావు. "మళ్లీ మళ్లీ ఆలోచించకు" అని ఉత్తరంలో రాశావు. నా తప్పు కాదని నీకు తెలిసి, నన్ను అందులోనే ఉండనిచ్చావు.

ఇంకొకటి. ఆయన పోయినప్పుడు వచ్చిన వాళ్లందరూ అన్నది నువ్వూ విన్నావు. ఊరందరికీ డ్రైవింగ్ నేర్పినాయన, మంచులో యాభైలో వెళ్లాడట. ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్లే అన్నారు. ఆ బ్యాంకు గుమాస్తా అంది. నేను తలొంచుకుని కూర్చున్నాను, ఎందుకంటే నేనూ అదే అనుకున్నాను. ఆయన నా కోసం తన పాఠాన్ని తానే తప్పారనుకున్నాను. నిన్న డ్రైవింగ్ స్కూలుకు వెళ్లి నోట్‌బుక్కూ, రిజిస్టరూ బల్ల మీద పరిచి ఓనరుకు చూపించి, సెన్సరు సంగతి చెప్పాను. ఆయన వరుసగా అన్ని పేజీలూ చదివి, లేచి, గోడ మీద మీ బావ ఫోటోకు పట్టిన దుమ్ము తుడిచాడు. ఆ సెన్సరు అక్కడ ఎవరు కట్టారని అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

సెన్సరు, క్లిప్పు, తీగ పంపు. ఎలా బిగించాలో రాసి పంపు. నువ్వు రావద్దు.

*

షెడ్డు నుంచి,
సెప్టెంబరు 9

అక్కకి,

పార్సిల్లో సెన్సరు, రెండు క్లిప్పులు (ఒకటి విరిగితే ఇంకోటి), మూర తీగ, వేడి గాలి తగిలితే బిగుసుకునే గొట్టం ముక్కలు, కరెంటుకు అడ్డు కొలిచే నా పాత మీటరు ఉన్నాయి.

ముందు బ్యాటరీ నల్ల తీగ విప్పు. బంపర్ కింద ఐదు బోల్టులు, చక్రాల దగ్గర చెరో రెండు. అవి తీశాక బంపర్ చేత్తో ఊడొస్తుంది, లాగకు, పక్కకు జరుపు. నా టేపు విప్పు. తోక దొరుకుతుంది. లోపల తీగ ఆకుపచ్చగా ఉంటుంది, ఆ ఆకుపచ్చ అంతా కత్తిరించి పారెయ్, రాగి మెరిసేదాకా. కొత్త తీగ అతికి గొట్టం తొడిగి హెయిర్ డ్రయర్ పట్టు.

బిగించే ముందు సెన్సరును పరీక్షించు. మీటరు పెట్టి, గ్లాసులో నీళ్లూ ఐసు ముక్కలూ వేసి అందులో ముంచు, దాదాపు ముప్ఫై రెండు వేల ఓములు చూపించాలి. తర్వాత తుడిచి గుప్పిట్లో పట్టుకో. మెల్లగా తగ్గుతూ ఏడెనిమిది వేల దగ్గర ఆగుతుంది. అది నీ ఒంటి వేడి. అలా ఆగితే సెన్సరు మంచిది.

బిగించడం ముందువైపు, బంపర్ వెనక క్లిప్పు కన్నంలో. టక్‌మని శబ్దం వస్తుంది. వచ్చేదాకా నొక్కు.

వదిలేసింది: ఏమీ లేదు. ఈసారి రెండుసార్లు చదివి రాశాను.

చిన్నోడు

*

కోల్డ్ స్టోరేజీ, ఆఫీసు గది నుంచి,
డిసెంబరు 3

చిన్నోడికి,

పని సెప్టెంబరులోనే అయిపోయింది. ఒక ఆదివారం పట్టింది, ఒక గోరు విరిగింది. ఐసు నీళ్లలో ముప్ఫై ఒకటిన్నర వేలు, గుప్పిట్లో ఏడున్నర వేలు. ఆ అంకె దిగుతూ దిగుతూ ఆగడం చూస్తూ చాలాసేపు గ్యారేజీ నేల మీదే కూర్చున్నాను. నీ టేపు తోక పట్టి విప్పేటప్పుడు నాకు నీ మీద కోపం రావాల్సింది. నాన్న గుర్తొచ్చారు.

మర్నాడు వంతెన ఎక్కాను. రేడియో కట్టేశాను. మొదటి అతుకు, రెండో అతుకు, మూడోది. 27 డిగ్రీలు. గంట లేదు. అవతలి ఒడ్డు దిగి కారు పక్కకు ఆపేసి భోరుమని ఏడ్చాను. తుప్పని నాకు తెలుసు, నా చేత్తో కత్తిరించి చెత్తబుట్టలో వేసింది ఆ తుప్పునే. అయినా ఆయన్ని రెండోసారి పోగొట్టుకున్నట్టు అనిపించింది. ఆ వారమంతా నిన్ను తిట్టుకున్నాను, మొదటిసారీ నువ్వే, రెండోసారీ నువ్వే అని. అందుకే ఇన్నాళ్లూ రాయలేదు.

ఇక ఈ రోజు సంగతి.

పొద్దున గ్యారేజీ తలుపు తీస్తే పొగమంచు. తెర మీద 9 ఉంది, గ్యారేజీ వెచ్చదనం. వీధి చివరికి వచ్చేసరికి 6. సిగ్నల్ దగ్గర ఆగాను, 4. ఆయన నోట్‌బుక్కు తీసి జనవరి 18 కింద మూడు వరుసలు వదిలి, తేదీ, కిలోమీటర్లు, 4 అని రాశాను. పచ్చ లైటు పడింది. వంతెన మొదట్లో టింగ్‌మంది.

3. మంచు గుర్తు.

"సరేనండీ" అన్నాను. ఇరవైకి తగ్గించాను. వెనకాల పాలవ్యాను వాడు హారన్ కొట్టాడు, కొట్టనీ. మూడో అతుకు దగ్గర స్టీరింగు ఒక్క క్షణం నా చేతుల్లో తేలికైపోయింది. నేల లేనట్టు. బ్రేకు తొక్కలేదు, ఆయన చెప్పినట్టే కాలు తీసేసి ఊరుకున్నాను. కారు కొంచెం పక్కకు జరిగి, మళ్లీ రోడ్డు పట్టుకుంది. గోడ ఎడమ కిటికీకి మూర దూరంలో ఆగి వెనక్కి పోయింది. ఇరవైలో ఉన్నాను కాబట్టి.

ఆఫీసుకొచ్చి గేటు థర్మామీటరు చూశాను. 3. తెర నిజం చెప్పింది. ఆ రోజు ఆయనకు మోగాల్సిన గంట ఈ రోజు నాకు మోగింది, చిన్నోడా. నువ్వు పంపిన సెన్సరు, నేను బిగించిన క్లిప్పు.

నిన్ను క్షమించానా అని అడగకు. నాకు తెలీదు. కొన్ని రోజులు క్షమిస్తాను, కొన్ని రోజులు క్షమించను, ఇలాగే ఉండేట్టుంది. నీ ఏడు డిగ్రీలు కూడా నిన్ను అంత తేలిగ్గా వదలకపోవచ్చు. కనిపిస్తే నాకు రాయి, ఒక్కడివే దాచుకోకు. దాచుకున్నంత కాలం ఏమైందో ఇద్దరం చూశాం.

నోట్‌బుక్కులో ఆయన రాతకూ నా రాతకూ మధ్య మూడు వరుసలు వదిలానని చెప్పాను కదా. అది నీ చీటీకి. నా ఎదురుగా కూర్చుని నీ చేత్తో రాయి.

రా. పొద్దుటి బస్సు వద్దు, దాని డ్రైవరు ఎవరి మాటా వినడు. షెడ్డు జీపు అడిగి తెచ్చుకో. అటు నుంచి ఊళ్లోకి నేరుగా వచ్చే దారి అదొక్కటే, వంతెన మీద నుంచే రావాలి. తెర మీద ఏడున్నా, పదున్నా, ముప్ఫై ఉన్నా సరే, అక్కడ మాత్రం ఇరవైలో రా.

గుమ్మంలో ఉంటాను.

అక్క